పారిస్ ఒడంబడికా, మన మురుగు కాలువా

రావులపాలెం అరటి మార్కెట్టు చూడనివారు కోనసీమలో వుంటారనుకోను. తెల్లవారేసరికి సైకిలుకు అటొకటీ యిటొకటీ వేలాడదీసుకుని కొందరూ, ఆటోలలో కొందరూ, ట్రాక్టర్ల మీద కొందరూ గెలలు తెచ్చి దించుతారు. కర్పూరం, చక్కెరకేళి, బొంత - వరసలు తీర్చి పెడితే ఆ పచ్చదనం చూస్తూ ఒక గంట కాలక్షేపం చెయ్యవచ్చు. బేరాలు తెగిన తర్వాత అవి లారీలెక్కి ఒడిశాకూ, తమిళనాడుకూ, ఇంకా దూరాలకూ పోతాయి. ఇటు గౌతమి మీద జొన్నాడ వంతెన, అటు వశిష్ఠ మీద సిద్ధాంతం వంతెన, నడుమ చెన్నై నుంచి కోల్‌కతా పోయే పెద్ద రోడ్డు. కోనసీమకు వాకిలి ఇదే.

పోయినవారం బస్సు తప్పిపోయి అక్కడ టీ కొట్టులో కూర్చోవలసి వచ్చింది. గెలలు అమ్ముకుని వచ్చిన రైతు ఒకాయన నా పక్కనే కూర్చున్నాడు. కొత్తపేట వైపు మనిషి. అర ఎకరం సొంత అరటితోట, నాలుగెకరాలు కౌలు వరి. నాలుగు మాటలు కాగానే, నేను పత్రికలకు రాస్తానని తెలిసి, కుర్చీ కాస్త దగ్గరకు లాక్కున్నాడు.

"అయితే బాబుగారూ, నాకో సందేహం వుందండి. తవరే తీర్చాలి. మొన్నామధ్య మా వూరికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారండి. సెల్‌ఫోనులో మా చేలన్నీ ఫొటోలు తీసుకున్నారు. 'మీ వరిచేలోంచి గ్యాసు లేస్తోంది, దానివల్ల భూమి వేడెక్కిపోతోంది, ఫలానా దేశంలో పెద్దలంతా కూచుని తగ్గించాలని రాసుకున్నారు, మీరు చేలో నీళ్ళు రెండుమూడుసార్లు తీసి ఆరగడితే డబ్బులు వేస్తాం' అన్నారండి. ఆయ్, నాకు తెలియక అడుగుతాను. గ్యాసంటే పాశర్లపూడిలో లేచింది గ్యాసు. నా చేలో గ్యాసేమిటండీ? లేచినా, ఆ పెద్దలకు నా నాలుగెకరాలే కనపడ్డాయాండీ?"

నవ్వు వచ్చిన మాట నిజమే గాని, బస్సెక్కి కూర్చున్న తర్వాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ముప్ఫయి యేళ్ళుగా ప్రపంచ దేశాల ప్రతినిధులు యేటేటా సమావేశమై తేల్చుకోలేకపోతున్న తగాదా అంతా ఆ రెండు ప్రశ్నలలోనే వున్నది. ఆయనకు టీ కొట్టులో చెప్పలేకపోయిన సమాధానం ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదటి ప్రశ్న గ్యాసును గురించి. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి దగ్గర చమురు సంస్థవారు తవ్వుతున్న బావి పేలి మంట లేచింది. 65 రోజులు మండి, మార్చి 15న గాని ఆరలేదు. ఆ రాత్రుల వెలుగు కోనసీమలో పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆ మండినది ముఖ్యంగా మీథేన్ అనే వాయువు. మన వరిచేలోంచి లేచేదీ అదే. ఊడ్చిన చేలో నడుస్తుంటే కాలు దిగినచోట బుడబుడమని బుడగలు రావటం మనందరం చూసినదే. చేను నిండా నీరు నిలిచి వుంటే కింద బురదకు గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడ కుళ్ళుతున్న మోళ్ళనూ, వేళ్ళనూ, పెంటనూ తిని ఈ వాయువును వదులుతాయి. అందులో చాలా భాగం బుడగలుగా గాక, వరి కాడలోని గొట్టంలాంటి దారి గుండా పైకి వస్తుంది. ప్రతి దుబ్బూ ఒక చిన్న పొగగొట్టమే అనుకోవచ్చు. దానికి మంట వుండదు, వాసన వుండదు. అంచేతనే మన రైతుకు దాని సంగతి తెలియలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఈ వాయువు చేసే పని ఏమిటి? సూర్యుని వేడిమి భూమికి వచ్చి, తిరిగి ఆకాశానికి పోవాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువూ, మీథేనూ ఆ పోయే వేడిని కొంత పట్టి ఆపుతాయి. చలికాలంలో దుప్పటి ఏం చేస్తుందో అదే. దుప్పటి బొత్తిగా లేకపోతే భూమి గడ్డకట్టుకు పోయేది. దాని మందం పెరగటమే యిప్పటి చిక్కు. రాక్షసిబొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్కవేసి చెప్పాడు. 1958లో కీలింగ్ అనే అమెరికన్ హవాయి దీవులలో ఒక కొండమీద యంత్రం పెట్టి గాలిని కొలవటం ఆరంభించాడు. అప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో 315 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు వుండేది. యంత్రాలు రాకముందు కాలంలో 280 పాళ్ళు. ఇప్పుడు 420 దాటింది. మీథేన్ గాలిలో సుమారు 12 యేళ్ళే వుంటుంది గాని, వున్నంతకాలం గట్టిగా పనిచేస్తుంది. నూరేళ్ళ మీద లెక్కవేస్తే బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువుకు 28 రెట్లు.

దీనివల్ల మనకేమి అంటారా? తుపానులూ వరదలూ మనకు కొత్త కాదు. 1839లో కోరంగిని సముద్రం ముంచెత్తినప్పుడు ఈ మాటలేవీ పుట్టలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి గట్లు తెగినాయి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరిచెట్లను లక్షల లెక్కన నేలకూల్చింది. ఫలానా తుపాను ఫలానా పొగవల్లనే వచ్చిందని బల్లగుద్ది చెప్పటం శాస్త్రం కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నూటికి 7 వంతుల నీటిఆవిరి అదనంగా పట్టుకోగలదనీ, వేడి సముద్రం తుపానుకు బలం ఇస్తుందనీ, సముద్రమట్టం పెరుగుతోందనీ మాత్రం శాస్త్రం చెబుతోంది. 2022లో జూలై నెలలోనే 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి లంకలలో అరటితోటలు రోజుల తరబడి నీటిలో నానాయి. రావులపాలెం మార్కెట్టుకు ఆ తరువాత ఎన్నాళ్ళు గెలలు తగ్గాయో అక్కడి వ్యాపారులను అడిగితే చెబుతారు. సముద్రం అంచున అంతర్వేది, ఓడలరేవు వైపు గ్రామాలవారిని అడిగితే బావుల నీరు ఉప్పనవటం గురించి చెబుతారు. మనది నదుల ఒండ్రుతో సముద్రమట్టానికి కాస్తే ఎత్తున పేరుకున్న నేల. ప్రపంచం వేడెక్కితే ముందుగా తడిసే కాళ్ళు మనవి.

ఇక రెండవ ప్రశ్న. "ఆ పెద్దలకు నా నాలుగెకరాలే కనపడ్డాయా?"

వూళ్ళో ఒక పెద్ద విందు జరిగిందనుకోండి. పొద్దుటినుంచీ కొందరు కూర్చుని పంచభక్ష్య పరమాన్నాలు ఆరగించారు. సాయంకాలం, వంటకాలు అయిపోతున్న వేళకు, మరికొందరు వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అప్పుడు పెద్దలు లేచి, "సరుకులు అయిపోతున్నాయి, అందరం సమానంగా ఖర్చు వేసుకుందాం, ఇకమీదట అందరం కొద్దిగా తిందాం" అన్నారు. ఆలస్యంగా వచ్చినవారికి ఎలా వుంటుంది? సరిగ్గా అదీ మన దేశం వాదన. పరిశ్రమలు పుట్టిననాటినుంచీ ఇప్పటివరకు బొగ్గూ చమురూ కాల్చి గాలిలోకి వదిలిన మొత్తంలో సుమారు నాలుగవ వంతు ఒక్క అమెరికాదే. మనది నూటికి నాలుగు వంతులకు మించదు. ఈనాటికీ సగటున అమెరికావాడు ఏడాదికి 14 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారకుడైతే, మనవాడు 2 టన్నులకు. దేశం మొత్తం మీద చూస్తే మాత్రం చైనా, అమెరికాల తర్వాత మన పేరే వస్తుంది. తలసరిని చూపించి మనమూ, మొత్తాన్ని చూపించి వారూ వాదిస్తుంటాము. రెండు లెక్కలూ నిజమే.

1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మొదటి పర్యావరణ మహాసభ జరిగినప్పుడు ఇందిరాగాంధీ వెళ్ళి, పేదరికం సంగతి మరిచి ఈ మాట మాట్లాడలేమని చెప్పి వచ్చారు. 1992లో రియోలో ఒక ఒడంబడిక కుదిరింది. బాధ్యత అందరిదీ, అయితే అందరిదీ ఒకే పాటిది కాదు అన్నది అందులోని మూలసూత్రం. 1997లో క్యోటోలో సంపన్న దేశాలకు మాత్రమే ఇంత తగ్గించాలని కట్టుబాటు పెట్టారు. 2001లో అమెరికా దానికి స్వస్తి చెప్పింది. 2009లో కోపెన్‌హేగెన్‌లో గడబిడ జరిగి, చివరికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్న వాగ్దానం ఒకటి మిగిలింది. ఆ సభకు మన దేశం తరఫున వెళ్ళిన మంత్రి జైరాం రమేష్ అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు ఎన్నికైన సభ్యుడు. ఆ వాగ్దానం రెండేళ్ళు ఆలస్యంగా 2022లో చెల్లిందని ఇచ్చేవారి లెక్క. అందులో ఎక్కువభాగం అప్పులే అని పుచ్చుకునేవారి ఫిర్యాదు.

2015 డిసెంబరు 12న పారిస్‌లో పద్ధతి మారింది. ఎవరికీ పైనుంచి కట్టుబాటు లేదు. ఎవరు చెయ్యగలిగింది వారే రాసి ఇవ్వాలి, అయిదేళ్ళకొకసారి దాన్ని పెంచుతూ పోవాలి. భూమి వేడిమి పెరుగుదల 2 డిగ్రీలకు బాగా తక్కువలో, వీలైతే ఒకటిన్నర డిగ్రీలో ఆపాలని ఆశయం. రాసిచ్చినది చెయ్యకపోతే జరిమానా లేదు. పదిమందిలో చులకన కావటమే శిక్ష. చులకనకు లెక్కచెయ్యని వారూ వుంటారు. అమెరికా ఒకసారి వైదొలగి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మళ్ళీ వైదొలగుతున్నానని చాటింది.

మన దేశం 2016 గాంధీ జయంతినాడు ఆ ఒడంబడికను ఆమోదించింది. 2021లో గ్లాస్గో సభలో, 2070 నాటికి వదిలినంతా తిరిగి పీల్చుకునే స్థితికి వస్తామన్నాం. 2022లో రాతపూర్వకంగా ఇచ్చిన మాట ఇది: దేశంలో పుట్టే ప్రతి రూపాయి సంపదకూ వెలువడే వాయువులను 2005తో పోలిస్తే 2030 నాటికి నూటికి 45 వంతులు తగ్గిస్తాం. విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాసు కానివాటినుంచి వచ్చేలా చేస్తాం. ఈ రెండో మాట అయిదేళ్ళు ముందుగానే, 2025 జూన్ నాటికే నెరవేరింది. సంతోషించవలసిందే. అయితే సామర్థ్యం వేరు, పుట్టే కరెంటు వేరు. రాత్రి సూర్యుడుండడు. మన ఇళ్ళకు వచ్చే కరెంటులో ఈనాటికీ నూటికి 70 వంతుల మేరకు బొగ్గుదే. పగటి కరెంటును రాత్రికి దాచటానికి కర్నూలు ప్రాంతంలో పిన్నాపురం వంటిచోట్ల నీటిని పైకి తోడి కిందికి వదిలే కేంద్రాలు కడుతున్నారు. అటువంటివి ఎన్ని వస్తే బొగ్గు అంత తగ్గుతుంది.

ఇప్పుడు మన రైతు సంగతికి వద్దాం. అదే గ్లాస్గో సభలో 2030 నాటికి మీథేన్‌ను నూటికి 30 వంతులు తగ్గిస్తామని నూరు దేశాలకు పైగా ప్రతిజ్ఞ చేశాయి. మన దేశం సంతకం పెట్టలేదు. మన మీథేన్ ఎక్కువగా పశువులనుంచీ వరిచేలనుంచీ వస్తుంది, అది చిన్న రైతు కూటికి సంబంధించినది, దాన్ని విలాసానికి తిరిగే కార్ల పొగతో ఒకే గాటికి కట్టవద్దు అని మనవారి వాదన. 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అనే ఇద్దరు ఢిల్లీనుంచి ఒక చిన్న పుస్తకం వేసి ఈ వాదాన్ని ప్రపంచం ముందు పెట్టారు. బతకటానికి వదిలే వాయువు వేరు, భోగానికి వదిలే వాయువు వేరు అని వారు చెప్పిన మాట నేటికీ పాతబడలేదు.

అంచేత రైతు మిత్రునికి నా మొదటి సమాధానం: ఆయ్, పారిస్‌లో గాని గ్లాస్గోలో గాని మీ చేలో నీరు తియ్యాలని మన దేశం తరఫున ఎవరూ సంతకం పెట్టలేదు. మిమ్మల్ని బలవంతపెట్టే అధికారం ఆ కుర్రాళ్ళకు లేదు.

అయితే బలవంతం లేదు గనుక ఆ పని పనికిరానిదా? అదీ కాదు. చేను ఆరగట్టడం మన రైతుకు తెలియని విద్య కాదు. జపానులో, చైనాలో నడిపంటలో నీరు తీసెయ్యటం మామూలు. మడగాస్కర్‌లో పుట్టి, 2003లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిచయం చేసిన 'శ్రీ' సాగులోనూ సగం సంగతి అదే. ఊడ్చిన తర్వాత ఒకటి రెండు వారాలు నీరు వుంచాలి. ఆ తర్వాత చేలో చిల్లులు పొడిచిన గొట్టం ఒకటి పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్ళీ తడి ఇవ్వాలి. పొట్ట, పూత దశల్లో మాత్రం నీరు తగ్గనివ్వరాదు. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండానే నీరు నూటికి 30 వంతుల దాకా ఆదా అవుతుందనీ, మీథేన్ ఇంచుమించు సగానికి పడిపోతుందనీ ఫిలిప్పైన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు చెబుతున్నారు. మరొక జాగ్రత్త కూడా వుంది. తడి ఆరే చేలో యూరియా ఎక్కువ చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే మరింత గట్టి వాయువు లేస్తుంది. ఆ చేత్తో తగ్గించి ఈ చేత్తో పెంచినట్టవుతుంది.

మరి చిక్కెక్కడ? కోనసీమలో పుట్టినవాడికి ఆ చిక్కు చెప్పనక్కరలేదు. నీరు తియ్యమంటారు సరే, తీసిన నీరు ఎక్కడికి పోవాలి?

1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన కాటన్ దొర ఆనకట్ట మనకు నీరు తెచ్చే కాలువలనిచ్చింది. నీరు తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో, నీరు తీసుకుపోయే కాలువ అంత ముఖ్యం. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ శివారు పొలానికి చేరేసరికి వేసంగిలో చుక్క మిగలదు, వానాకాలంలో అదే పొలం నుంచి నీరు బయటికి పోదు. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క పరుపు పరిచినట్టుంటుంది. కొన్నిచోట్ల గట్లు చేపల, రొయ్యల చెరువుల్లో కలిసిపోయాయి. సముద్రం పోటు మీద వున్నప్పుడు మురుగు వెనక్కి తంతుంది. సార్వాలో నాలుగు రోజులు వాన పట్టిందంటే ఊడ్చిన చేలు వారంరోజులు మునిగి కుళ్ళుతాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యబోమని పంట విరామం ప్రకటించి దేశాన్నంతటినీ నివ్వెరపరిచారు. 2022లో మళ్ళీ ఆ మాట వినిపించింది. గిట్టుబాటు ధరతోపాటు మురుగు కాలువలు కూడా వారి ఫిర్యాదులో వున్నాయి. అన్నంపెట్టే రైతు చేను బీడుపెట్టుకున్నాడంటే అది ఎంత కడుపుమంటో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. మురుగు పోని చేలో నీరు వారాల తరబడి నిలుస్తుంది. నీరు నిలిస్తే పంట పోతుంది. పంట పోయిన చేలో కుళ్ళిన మొక్కలనుంచి మీథేన్ మామూలుకంటె ఎక్కువ లేస్తుంది. మురుగు కాలువ తవ్వితే పంట దక్కుతుంది, వరద త్వరగా దిగుతుంది, రైతుకు కావలసినప్పుడు చేను ఆరగట్టుకునే స్వేచ్ఛ వస్తుంది, వాయువూ తగ్గుతుంది. అంతర్జాతీయ సభల్లో వాయువుల తగ్గింపుకు ఒక గదిలో, వచ్చిపడే కష్టాలను తట్టుకోవటానికి మరొక గదిలో, జరిగిన నష్టానికి పరిహారం గురించి ఇంకొక గదిలో వేరువేరుగా చర్చిస్తారు. మూడింటికీ వేరువేరు నిధులు. కోనసీమలో ఆ మూడూ ఒకే కాలువలో వున్నాయి.

ఆ నిధుల సంగతీ రెండు మాటలు. 2022లో ఈజిప్టు సభలో నష్టపరిహార నిధి పెట్టాలని ఒప్పుకున్నారు. మరుసటి ఏడు దుబాయిలో దాన్ని ప్రారంభించారు. మొదటి రెండేళ్ళలో ప్రపంచమంతా కలిపి అందులో వేస్తామన్నది 100 కోట్ల డాలర్లయినా కాలేదు. 2024లో బాకూ సభలో పేద దేశాలు ఏటా 1,30,000 కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అందేలా చూస్తామన్నారు. మన ప్రతినిధి నిండు సభలోనే లేచి ఇది చాలదని అభ్యంతరం చెప్పారు. ఆ డబ్బు ఢిల్లీ దాటి, అమరావతి దాటి, మన లాకుల దాకా ఎప్పుడు వస్తుందో చెప్పగలవారెవరూ నాకు తారసపడలేదు.

ఇక ఆ కుర్రాళ్ళు ఇస్తామన్న డబ్బు. దాని మర్మం ఇది: ఎక్కడో ఒక కంపెనీ తన పొగను తగ్గించుకోలేక, నీవు తగ్గించిన దాన్ని కొనుక్కుని తన ఖాతాలో వేసుకుంటుంది. క్యోటో రోజులనుంచీ ఈ బేరం వుంది. మన రాష్ట్రంలో ఊకతోనూ, చెత్తాచెదారంతోనూ కరెంటు తీసే కేంద్రాలు కొన్ని అప్పట్లో ఆ పద్ధతికింద నమోదైనవే. వరి విషయంలో ఈ బేరం నల్లేరు మీద బండి కాదు. 2024లో చైనా వరిపొలాల పేరిట నడిచిన 37 పథకాలను, లెక్కలు సరిగా లేవని, నమోదు చేసిన సంస్థే కొట్టివేసింది.

రైతుకు వచ్చేదెంత? మన ప్రాంతపు వరికి నిపుణులు వాడే సగటు, నిలవనీటి చేలో హెక్టారుకు రోజుకు కిలోకు కాస్త తక్కువ మీథేన్. నూరు రోజుల పంటకు ఎకరానికి ముప్ఫయి కిలోల పైచిలుకు. ఆరగట్టి అందులో సగం తగ్గించామనుకుందాం. 28 రెట్లు కట్టి చూస్తే ఎకరానికి ఒక పంటకు సుమారు అరటన్ను బొగ్గుపులుసు వాయువుతో సమానం. టన్ను వెయ్యి రూపాయలకు అమ్ముడుపోయిందనే అనుకోండి, ఎకరానికి అయిదువందలు. అందులో మధ్యవాళ్ళ వాటా పోగా మిగిలేది ఒక మనిషికి ఒక్కరోజు కూలి ఇచ్చేటప్పటికి సరి. ఈ డబ్బు చూసి ఎవరూ అప్పులు తీరుతాయని ఆశపడవద్దు. నీటి ఆదా కోసం, పంట ఆరోగ్యం కోసం చెయ్యదలిస్తే చెయ్యవచ్చు. ఆ డబ్బు తాంబూలంలో దక్షిణ వంటిది.

ఆ దక్షిణ కూడా ఎవరి చేతిలో పడుతుందన్నది అసలు ప్రశ్న. కోనసీమలో చేను ఒకరిది, చెమట ఒకరిది. కౌలు కాగితం లేని రైతులు ఎందరో. చేలో దిగి గట్టు తెంచేదీ, గొట్టంలో నీరు చూసేదీ, పంట తగ్గితే నష్టపడేదీ కౌలుదారు. కాగితం మీద పేరు మాత్రం హైదరాబాదులోనో అమెరికాలోనో వున్న భూస్వామిది. సంతకం ఆయనదైతే డబ్బూ ఆయనకే పోతుంది. అంచేత అటువంటి కాగితం ఎవరు తెచ్చినా నాలుగు సంగతులు అడగవలసి వుంటుంది. కాగితం తెలుగులో వుందా? డబ్బు సాగుచేసినవాడికా, భూమి గలవాడికా? ఎన్నేళ్ళు కట్టుబడి వుండాలి, మధ్యలో కౌలు మారితే ఏమవుతుంది? పంట తగ్గితే నష్టం ఎవరిది? ఈ నాలుగింటికీ నోటిమాటగా గాక రాతపూర్వకంగా జవాబు ఇవ్వనివారికి మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపటం మంచిది.

ప్రభుత్వమూ ఇందులో చెయ్యవలసింది వుంది. 2023లో కేంద్రం దేశంలోనే ఈ వాయువుల లెక్కలకు ఒక అంగడి పెడుతున్నట్టు ప్రకటించింది. కౌలు రైతుకు అందులో హక్కు వుంటుందో లేదో చట్టంలోనే స్పష్టంగా రాయాలి. మన రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఊరూరా తిరిగి రైతుతో మాట్లాడగల కార్యకర్తలు ఆ కార్యక్రమానికి వున్నారు. చేనును ఎప్పుడు ఆరగట్టాలో, ఎప్పుడు వద్దో చెప్పవలసింది అటువంటివారు. ఫోనుతో ఫొటోలు తీసుకుపోయేవారు కారు.

ఈ సంగతులన్నీ చెబుదామని మొన్న మళ్ళీ రావులపాలెం వెళ్ళినప్పుడు ఆ టీ కొట్టుకే పోయాను. అదృష్టవశాత్తు ఆయన దొరికాడు. ఓపికగా అంతా విన్నాడు. విని, "అయితే ఇంతకీ నన్నేం చెయ్యమంటారండీ?" అన్నాడు.

"సార్వాలో మీ చేలో నీరు మీ చేతిలో వుండదు గనుక దాని జోలికి పోకండి. దాళ్వాలో ఎలాగూ వంతులవారీగా నీరిస్తారు గదా. నాలుగెకరాల్లో ఒక్క మడి ఎంచుకుని గొట్టం పాతి చూడండి. పక్క మడితో పోల్చుకోండి. దిగుబడి నిలిస్తే మరుసటి ఏడు ఇంకొక మడి. కాగితం మీద సంతకం మాత్రం మీ భూస్వామితో మాట్లాడి, వాటా తేలాకనే" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఒక మడి అంటే పరవాలేదండి. పోతే ఒక మడే గదా పోయేది. కాని సార్వా సంగతి వదిలేస్తే ఎలాగండీ? మాకు పోయేదంతా సార్వాలోనే. తవరు ఇంత చదివారు గదా, ఆ పారిస్ పెద్దలకు ఒక ముక్క రాయండి. గ్యాసు సంగతి మేం చూసుకుంటాం, ముందు మా వూరి మురుగు కోడు తవ్వించమనండి."

పారిస్ పెద్దలు తెలుగు వారపత్రిక చదువుతారన్న భ్రమ నాకు లేదు. మన శాసనసభ్యులూ, నీటిపారుదల ఇంజనీర్లూ చదువుతారు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. తిరిగి నీరు వదిలేలోగా వున్నది నెలన్నరే. ఆ నెలన్నరలో కాలువ పూడికతోపాటు మురుగు కోడుల్లో గుర్రపుడెక్క కూడా తీయిస్తే, ఆయన చేలో ఈసారి సార్వా ఊడ్పులు మునగకుండా వుంటాయి.